శనివారం పూట మోగిన ఇంక్యుబేటర్

2023 వేసవి. కువైట్‌లో ఒక పెద్ద పళ్ళ ఆసుపత్రి పై అంతస్తులో చిన్న పరిశోధనశాల ఉంది. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి నాకు ఆరేళ్ళు. మాది నరసాపురం దగ్గర. కాకినాడలో చదువుకుని, అక్కడే రెండు చోట్ల రక్తపరీక్షలు చేసి, పెళ్ళయ్యాక భర్తతో ఇక్కడికొచ్చాను. అబ్బాసియాలో ఉంటాం. మీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే పంటిలోని కణాలు పెంచుతానని చెబుతాను. చాలామంది నవ్వేసి వాళ్ళ పంటి నొప్పి సంగతి మొదలుపెడతారు.

పని నిజంగా అదే. కింద క్లినిక్‌లో జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళు ఒప్పుకుని సంతకం పెడితే, ఆ పన్ను ఐస్‌లో పెట్టిన ట్యూబులో మా దగ్గరికి వస్తుంది. పన్నును చీలిస్తే మధ్యలో ఎర్రటి దారపు పోగులాంటి మెత్తటి పదార్థం ఉంటుంది. దాన్ని పల్ప్ అంటాం. అందులో స్టెమ్ సెల్స్ ఉంటాయి. తెలుగులో మూలకణాలు అంటున్నారు. అవసరాన్ని బట్టి పంటి కణంగానో ఎముక కణంగానో మారగలిగినవి అవి. పల్ప్‌ను సన్నగా తరిగి, ఎంజైములో నానబెట్టి, పోషకద్రవం పోసిన ఫ్లాస్కులో వేసి ఇంక్యుబేటర్‌లో పెడతాం. ఒంటి వేడి, తేమ, గాలి ఎప్పుడూ ఒకేలా ఉండేలా చూసే బీరువా లాంటిది ఇంక్యుబేటర్. వారం పది రోజులకు కణాలు ఫ్లాస్కు అడుగుకు అంటుకుని, సన్నగా సాగి, ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు చేపపిల్లల గుంపు ఒక్కసారిగా కదలకుండా ఆగిపోయినట్టు అనిపించింది నాకు.

ఆ ఏడాది నూర్ అనే కువైటీ దంతవైద్యురాలు మాస్టర్స్ పరిశోధన కోసం మా దగ్గర చేరింది. ఆమె తీసుకున్న విషయం ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఇరవయ్యొక్క శాతం ఉంటుంది. పంటి లోపల అంత ఉండదు. చుట్టూ గట్టి గోడ, వేరు చివరన ఉన్న సన్నటి రంధ్రం గుండా వచ్చే నెత్తురే దానికి దిక్కు. అంత తక్కువ ఆక్సిజన్‌కు అలవాటు పడిన కణాలను తెచ్చి మామూలు గాలిలో పెంచితే అవి అలాగే ఉంటాయా, మారిపోతాయా? నూర్ ప్రశ్న ఇదే. ఒక్కో పంటి నుంచి వచ్చిన కణాలను రెండు భాగాలు చేసేది. సగం మామూలు గాలి ఉన్న ఇంక్యుబేటర్‌లో, సగం మూడు శాతం ఆక్సిజన్ పెట్టిన ఇంక్యుబేటర్‌లో. కొన్నాళ్ళకు రెండింటినీ లెక్కపెట్టి, రంగు వేసి, పోల్చి చూసేది.

ఆక్సిజన్ తగ్గించాలంటే నైట్రోజన్ లోపలికి పంపి దాన్ని బయటికి నెట్టాలి. నైట్రోజన్ సిలిండర్లు కింద, భవనం వెనక ఇనుప జాలీ గదిలో ఉంటాయి. అక్కడి నుంచి పైపు పైకి వస్తుంది. వాటి బాధ్యత నాది. మాకు శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, పైకి ఎక్కకముందే జాలీ గదిలోకి వెళ్ళి గేజ్ చూసేదాన్ని. సిలిండర్ ఖాళీ అయితే మార్చి, రాసుకుని, టీ తాగి పైకి వెళ్ళేదాన్ని. ఇదివరకు రెండు వారాలు వచ్చే సిలిండర్ సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారానికీ ఖాళీ అవుతోంది. కొత్త విద్యార్థులు మాటిమాటికీ తలుపులు తీస్తున్నారు, అందుకే ఎక్కువ ఖర్చవుతోందని అనుకున్నాను. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా మారుస్తున్నందుకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

అక్టోబరులో నూర్ ముఖం వాడిపోవడం మొదలైంది. ఒక పంటి కణాలు తక్కువ ఆక్సిజన్‌లో గబగబా పెరుగుతాయి, మామూలు గాలిలో మెల్లగా పెరుగుతాయి. ఇంకో పంటి దగ్గరికి వచ్చేసరికి రెండింటికీ తేడా ఉండదు. పళ్ళు ఇచ్చిన మనుషుల్లోనే తేడా ఉందేమోనని ఒకసారి, పోషకద్రవం పాడైందేమోనని ఇంకోసారి అనుకుంది. ద్రవం కొత్తది తెప్పించాం. మార్పు లేదు. ఐదుగురి పళ్ళు అయిపోయాయి. ఆమె గడువు మార్చి దాకానే ఉంది.

నవంబరులో ఒకరోజు తన నోటుపుస్తకంలోని తేదీలన్నీ చిన్న చీటీల మీద రాసి బల్ల మీద పరిచింది. ఆదివారం మొదలుపెట్టి గురువారానికి ముగించిన ఫ్లాస్కుల్లో తేడా స్పష్టంగా ఉంది. మధ్యలో శనివారం దాటిన వాటిలో తేడా చెరిగిపోయింది. నన్ను పిలిచి చూపించింది. నాకూ కారణం తట్టలేదు.

కంపెనీ ఇంజనీరు వచ్చి ఇంక్యుబేటర్ లోపల దానికదే రాసుకున్న రికార్డు బయటికి తీశాడు. తెర మీద గీత కనిపించింది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా మూడు శాతం దగ్గర ఎగుడుదిగుడు లేకుండా నడిచి, శనివారం తెల్లవారగానే పైకి లేచి ఇరవైకి చేరుతోంది. ఆదివారం పొద్దున మళ్ళీ దిగి మూడుకు వస్తోంది. వరసగా ప్రతి శనివారం అంతే. అంటే సిలిండర్ శనివారానికే ఖాళీ అయిపోతోంది. నేను ఆదివారం కింద సిలిండర్ మార్చి, టీ తాగి పైకి వచ్చే అరగంటలో ఆక్సిజన్ దిగిపోతోంది. అందుకే నేను ఎప్పుడు చూసినా డిస్‌ప్లే మీద మూడే ఉండేది.

రికార్డులో ఇంకో సంగతి ఉంది. ప్రతి శనివారం పొద్దున అలారం మోగింది. కాసేపటికి ఎవరో బటన్ నొక్కి దాన్ని ఆపారు. ఒకసారి నొక్కితే అది మళ్ళీ మోగదు.

సోమవారం మా ల్యాబ్ హెడ్ డాక్టర్ సమీర్ తన గదిలో మీటింగ్ పెట్టారు. సిలిండర్ ఎందుకు త్వరగా అయిపోతోందని నన్ను అడిగారు. తలుపులు ఎక్కువసార్లు తీయడం వల్ల అని చెప్పాను. పైపును, అతుకులను ఒకసారి కూడా చూడకుండా చెప్పాను. ఆయనకు దానికంటే అలారం సంగతే పెద్దదిగా కనిపించింది. అలారం విన్న మనిషి ఫోన్ చేసి ఉంటే గంటలో సిలిండర్ మార్చేవాళ్ళం కదా అన్నారు. కారిడార్ కెమెరాలో మిగిలి ఉన్న గత నెల రోజుల రికార్డింగు తెప్పించి చూశారు. ఆ నెల శనివారాల్లో ఆ గదిలోకి వెళ్ళింది ఒక్క మనిషే. శుభ్రం చేసే రెడ్డెమ్మ.

రెడ్డెమ్మది రాయచోటి వైపు. యాభై దగ్గర ఉంటుంది. క్లీనింగ్ కాంట్రాక్టు కంపెనీ తరఫున రెండేళ్ళుగా మా అంతస్తు తుడుస్తోంది. వయసులో పెద్దది కాబట్టి నేను రెడ్డెమ్మ గారూ అని పిలిస్తే ఆమెకు నవ్వొచ్చేది. గారూ అని పిలిపించుకునే పని కాదులే పాపా నాది అనేది. అంతకుమించి మా మధ్య పెద్దగా మాటలు లేవు.

డాక్టర్ సమీర్ అప్పటికప్పుడే ఆ కంపెనీకి ఫోన్ చేశారు. రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి, రికార్డు కాగితాలు జతచేసి గురువారంలోగా రాసి తీసుకురండి అని నాకు చెప్పారు. సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి, ఈ ఉద్యోగం మీదే ఉంది. పాప బడి, ఇల్లు, అన్నీ దీనితో ముడిపడినవే. తప్పు నా సిలిండర్ దగ్గర నుంచి ఇంకొకరి బటన్ దగ్గరికి జరిగింది. నేను నోరు మెదపలేదు.

మర్నాడు మధ్యాహ్నం లిఫ్టు పక్కన రెడ్డెమ్మ నా కోసం నిలబడి ఉంది. చేతిలో సంచి. పని బట్టలు విప్పేసి మామూలు చీరలో ఉంది.

"నేనేం పోగొట్టినానంట పాపా?" అంది. "ఫోర్‌మ్యాన్ రేపట్నించి రావద్దన్నాడు. ఏం పగలగొట్టినావో చెప్పమంటాండాడు. ఊరికి పంపిస్తారంట. నేనేం పగలగొట్టలేదు."

"పగలగొట్టలేదండీ. శనివారం ఆ పెద్ద మిషన్ మోగినప్పుడు బటన్ నొక్కింది మీరేనా?"

"నేనే. మోగతా ఉంటే నొక్కినా."

అందులో దాపరికం ఏమీ లేదు. పక్కనున్న ఖాళీ గదిలో కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నాను. మొదటి శనివారం ఆ కూత విని భయపడి ఫోర్‌మ్యాన్‌ను పిలుచుకొచ్చిందట. అతను హిందీలో గార్డును అడిగాడట. గార్డుకూ తెలియదు. చివరికి ఫోర్‌మ్యాన్ ఎర్రగా వెలుగుతున్న బటన్ మీద వేలు పెడితే చప్పుడు ఆగిపోయింది. ఇట్లా నొక్కు, ఖలాస్ అని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత వారం మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కింది. మూడో వారం ఆమెకే అనుమానం వచ్చింది.

"ఒక ఆదివారం నీకు చెప్దామని వస్తి పాపా. చేతులకు తొడుగులేసుకోని ఏందో పనిలో ఉంటివి. తర్వాత అని చెయ్యి చూపిస్తివి. మల్లా నేను అడగల్యా."

నాకు అది గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కానీ అబద్ధమని అనిపించలేదు. గ్లౌజులు వేసుకుని, దుమ్ము చేరకుండా కణాల పని చేసే గాజు పెట్టె, హుడ్ ముందు కూర్చున్నప్పుడు ఎవరు తలుపు దగ్గర నిలబడినా నేను చేసే సైగ అదే.

అసలు ఈ మోత ఎప్పుడు మొదలైందని అడిగాను.

"నేలకు పాలీషు పెట్టించినారు గదా, దాని తర్వాతనే. అంతకు ముందు ఎప్పుడూ కూయలేదు అది."

ఆగస్టు చివర్లో నేలకు పాలిష్ పట్టించడం నిజమే. పనివాళ్ళతో కలిసి ఇంక్యుబేటర్‌ను ముందుకు లాగి, తర్వాత వెనక్కి తోసింది నేనే. నైట్రోజన్ ట్యూబు వెనకవైపు ఉంటుంది. దాన్ని విప్పకుండానే లాగాం, ఆరోజు తొందరలో ఉన్నాం. ఆమెను అక్కడే ఉండమని చెప్పి లోపలికి వెళ్ళాను. వంటింట్లో గ్యాస్ ట్యూబుకు చేసినట్టే సబ్బునీళ్ళు కలిపి, బ్రష్‌తో అతుకు మీద రాశాను. క్షణంలో బుడగ లేచింది. పగిలింది. ఇంకొకటి లేచింది.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు. దెబ్బతిన్న కొసను కోసి, కొత్త కనెక్టర్ బిగించి మళ్ళీ సబ్బునీళ్ళు రాస్తే ఏమీ రాలేదు. బిగించాక కూడా అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. బయట గదిలో రెడ్డెమ్మ ఉంది. ఇంటికి వెళ్ళండి, నేను మాట్లాడతాను అని ఆమెతో చెప్పి నంబరు తీసుకున్నాను. తప్పు ఎవరిదో ఆ రోజు ఆమెకు చెప్పలేకపోయాను.

సాయంత్రం నా భర్తకు చెప్పాను. ఆయన ఒక ఆసుపత్రిలో నర్సు. చివరిదాకా విన్నారు. తర్వాత, ఇంజనీరు చూడలేదా ఆ అతుకును అని అడిగారు. రికార్డు తీసిన ఇంజనీరు వెనకవైపు చూడలేదు. ఇప్పుడు సరిచేసేశాను కాబట్టి ఇక ఎవరికీ తెలియదు. ఈ మాట మా ఇద్దరి మనసుల్లోనూ ఉంది, ఇద్దరం పైకి అనలేదు. చివరికి ఆయన, పొద్దున్నే వెళ్ళి చెప్పెయ్, ఎంత ఆలస్యం చేస్తే అంత కష్టమవుతుంది అన్నారు.

బుధవారం డాక్టర్ సమీర్ గదిలో నిలబడి, కోసిన ట్యూబు ముక్కను బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు.

"సోమవారం ఎందుకు చెప్పలేదు?"

"సోమవారం నేను చూడలేదు డాక్టర్. చూడకుండానే తలుపుల వల్ల అని చెప్పాను."

అయినా అలారం ఆపింది ఆమే కదా అన్నారు. ఆపకూడదని ఆమెకు ఎవరు చెప్పారు అని అడిగాను. మా దగ్గర ట్రైనింగ్ ఫైలు ఉంటుంది. అలారం మోగితే ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉంది. ప్రతి విద్యార్థీ దాన్ని చదివి సంతకం పెడతాడు. వారం చివర్లో ఆ గదిలోకి అడుగుపెట్టే ఒకే ఒక్క మనిషి పేరు మాత్రం ఆ ఫైల్లో లేదు. అలారాన్ని నేరుగా ఫోన్‌కు పంపే వైరు కూడా మిషన్‌తో వచ్చింది. దాన్ని కలిపించలేదు. అదీ నా జాబితాలో ఉండిపోయిన పనే.

ఆయన ట్యూబు ముక్కను ఒక కవర్లో వేసి పక్కన పెట్టారు. రిపోర్టు రాసుకుని రమ్మన్నారు. రాశాను. శుభ్రం చేసే ఉద్యోగి తప్పు ఏమీ లేదని నేను రాసిన వాక్యాన్ని కొట్టేసి, ఆ ఉద్యోగికి సూచనలు ఇవ్వలేదు అని మార్చి సంతకం పెట్టారు. నాకు తృప్తి కలగలేదు కానీ ఆ వాక్యంతో పని జరిగింది. ఊరికి పంపే మాట ఆగిపోయింది. అప్పటికే కంపెనీ ఆమెను సులైబియాలో ఒక గోదాముకు మార్చేసింది. మా దగ్గరికి తిరిగి పంపమని రెండుసార్లు అడిగాను. అక్కడ మనిషి అవసరం ఉంది, కుదరదన్నారు. నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం చేరింది. ఆ ఏడాది నాకు రావాల్సిన సీనియర్ గ్రేడు రాలేదు.

నూర్‌కు కూడా నేనే చెప్పాను. ఆమె అరవలేదు. ఐదుగురిలో ఎవరి కణాలు ఫ్రీజర్‌లో మిగిలి ఉన్నాయని అడిగింది. ఇద్దరివి. మిగతా ముగ్గురివి వాడేశాం, ఇక దొరకవు. పుస్తకం మూసి వెళ్ళిపోయింది. దాదాపు పదిహేను రోజులు నాతో పని మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. గడువు ఆరు నెలలు పొడిగించుకుంది. ఆ ఆరు నెలల్లో పెళ్ళి కూడా వాయిదా వేసుకుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

రిపోర్టు ఇచ్చిన తర్వాతి వారం, శుక్రవారం చర్చి అయ్యాక (ఇక్కడ సెలవు రోజు కాబట్టి ఆరాధన ఆ రోజే) నేను ఖైతాన్ వెళ్ళాను. రెడ్డెమ్మ ఉండే గదిలో నలుగురు ఆడవాళ్ళు, నాలుగు ఇనుప మంచాలు. మిగతా ముగ్గురూ పనికి వెళ్ళారు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి పాలు పోసి టీ పెట్టింది. గోదాములో దుమ్ము ఎక్కువట, దగ్గు వస్తోందట. పని మాత్రం తొందరగా అయిపోతుందని చెప్పింది.

పైపు నేనే పాడుచేశానని, సోమవారం మీటింగులో మీ పేరు వచ్చినప్పుడు కూడా నేను మాట్లాడలేదని చెప్పాను. క్షమించమని అడిగాను. ఆమె నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. ఊరికి పంపిస్తే మా కోడలు కాన్పు ఖర్చు ఎట్లా అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదని మాత్రం అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

తర్వాత, "ఇంతకీ ఆ బీరువాలో ఏం పెడతారు పాపా?" అని అడిగింది.

చెప్పాను. పీకేసిన పంటిలోంచి కణాలు తీస్తామని, అవి లోపల పెరుగుతాయని, మనకు మంచిదైన గాలి వాటికి ఎక్కువవుతుందని, ఎక్కువ గాలిలో అవి త్వరగా అలిసిపోతాయని, తక్కువ గాలిలో ఉంచితే ఎక్కువ కాలం లేతగా ఉంటాయని. మధ్యలో ఆపి ఆపి అడిగింది. పీకేసిన పంటిలో కూడా పానం ఉంటాదా అని ఒకసారి, గాలి ఎక్కువైతే ముసిలివైపోతాయా అని ఇంకోసారి. నా దగ్గర పనిచేసిన విద్యార్థుల్లో చాలామంది మొదటి రోజు అంత సూటిగా అడగలేదు.

ఫోన్లో ఒక ఫోటో చూపించాను. దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఫోన్ తిరిగి ఇస్తూ అంది.

"రెండేండ్లు తుడిచినా ఆ గదిని. లోపల పానమున్నేటివి ఉండాయని ఒకరన్నా చెప్పింటే, మొదటి పొద్దే నీకు ఫోన్ చేసుండేదాన్ని గదా."

టీ తాగి, ఇంకాసేపు కూర్చుని వచ్చేశాను.

నూర్ పని తర్వాతి ఏడాది వేసవిలో పూర్తయింది. కొత్తగా నలుగురి పళ్ళు వచ్చాయి. మా ఫ్లాస్కుల్లో ఫలితం మొదట్లో అనుకున్నట్టే తేలింది. మూడు శాతంలో పెరిగిన కణాలు ఎక్కువగా విభజన చెందాయి, సన్నగా, చురుగ్గా ఉన్నాయి. మామూలు గాలిలోవి కొన్ని వారాలకే వెడల్పుగా పరుచుకుని నెమ్మదించాయి. ఎముక కణాలుగా మారే గుణం మాత్రం ఒక్కొక్కరి పంటిలో ఒక్కో విధంగా ఉంది, దాని గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేమని ఆమె నిజాయితీగా రాసింది. పాత శనివారపు ఫ్లాస్కుల సంగతినీ దాచలేదు. ఆక్సిజన్ ఒక్క రోజు ఎగిసి పడినా కణాల తీరు మారిందని ఒక పేరా పెట్టింది. చివరి రోజున వచ్చి నన్ను కౌగిలించుకుంది.

ఆ సంఘటన తర్వాత నేను నేర్చుకున్నవి కొన్ని మిషన్లకు సంబంధించినవి. ఇంక్యుబేటర్‌ను అంగుళం జరిపినా అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు రాస్తాను. ఏదైనా మామూలు కంటే ఎక్కువ ఖర్చవుతుంటే కారణం ఊహించను, వెతుకుతాను. అలారం వైరు ఇప్పుడు నా ఫోన్‌కు కలిపి ఉంది.

మిగతాది మనుషులకు సంబంధించినది. లోపల ఏముందో తెలిసిన మనిషి కాపలా ఉన్న గదికి, అది తెలియని మనిషి తుడిచే గదికి తేడా ఉంటుంది. ఆ తెలియకపోవడానికి బాధ్యులం మేమే. మా గది శుభ్రం చేయడానికి కొత్తగా ఎవరు వచ్చినా, ఏ దేశం వాళ్ళైనా, మొదటి రోజే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి కణాలను చూపిస్తాను. ఇవి బతికున్నాయి, ఈ మిషన్ కూస్తే వీటికి ఊపిరి తీరు మారినట్టు అని వచ్చీరాని హిందీలో చెబుతాను. ట్రైనింగ్ ఫైల్లో వాళ్ళ సంతకం కూడా తీసుకుంటాను. అప్పటి నుంచి సెలవు రోజుల్లో నాకు ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువసార్లు తలుపు సరిగా పడకపోవడమో, పక్క గదిలో ఇంకేదో మిషన్ మోగడమో అయి ఉంటుంది. పిలిచిన ప్రతిసారీ వెళ్తాను.